తొలిచూపు కుర్చీ

సాగరలీల మూతపడుతుందన్న మాట విశాఖపట్నంలో అప్పటికే చాలాసార్లు పుట్టి చల్లారింది. ఈసారి మాత్రం అది స్వయంగా యజమాని సన్యాసిరాజు గారి నోటి నుంచే వచ్చింది.

భీమిలి వెళ్లే దారిలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఎర్రమట్టి గుట్ట మీద ఆయన కట్టించిన వినోదవనం అది. ఒకప్పుడు సెలవు రోజు వస్తే టికెట్ల వరుస గేటు దాటి రోడ్డు మీదికి పాకేది. ఇప్పుడు జెయింట్ వీల్ సగం తొట్లు ఖాళీగా పెట్టుకుని తిరుగుతోంది. బొమ్మల గుహలో రాక్షసుడి చెయ్యి విరిగితే తాడుతో కట్టి వదిలేశారు. ఉప్పుగాలికి రేకులన్నీ పొక్కులు లేచాయి. కొత్తవాళ్లు రావడం మానేశారు. వచ్చేదల్లా పాతవాళ్లే. ఆ పాతవాళ్లలో కొందరు ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి, క్యాంటీన్లో బల్లలు దగ్గరికి లాక్కుని, ఇడ్లీలు తింటూ పార్కు గురించే మాట్లాడుకునేవారు. సాగరలీల మిత్రమండలి అని తమకు తామే పేరు పెట్టుకున్నారు.

ఆ మండలిని మొదలుపెట్టినవాడు ధనుంజయ్. పోర్టు ఆఫీసులో ఉద్యోగం. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకొచ్చినప్పటి నుంచీ అతనికి సాగరలీల అంటే ప్రాణం. ఏ రైడు ఎప్పుడు వచ్చింది, దేని మోటారు ఎవరు బాగుచేశారు, అన్నీ నోటికి చెప్పేవాడు. అతని భార్య సుభాషిణి తొమ్మిదేళ్ల కూతురు లహరిని వెంటబెట్టుకుని వచ్చి బల్ల చివర కూర్చునేది. ఆమె మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. రైడ్లెక్కితే ఆమెకు కళ్లు తిరుగుతాయి. అయినా ఆ పూట భర్త ముఖం వెలిగిపోతుంటే చూడడం ఆమెకు ఇష్టం.

సన్యాసిరాజు గారు ఒక ఆదివారం క్యాంటీన్‌కి వచ్చి, నిలబడే మాట్లాడారు. ఆనందపురం దగ్గర మిగిలిన మామిడితోట కూడా అమ్మేశానని, దాంతో ఒక్క పని మాత్రం చేయగలనని అన్నారు. పాతవన్నీ బాగుచేయించడమో, కొత్తది ఒకటి కట్టడమో, ఏదో ఒకటే. అది తప్పితే ఇక తాళం వేసుకోవడమే. ఏం చేయాలో వచ్చేవాళ్లే చెప్పాలని ఆయన కోరిక.

వాదన మధ్యాహ్నం దాకా సాగింది. వ్యాయామం మాస్టారు అప్పలనాయుడు కొండచిలువను బాగుచేయాలన్నాడు. కొండచిలువ అంటే సాగరలీల మొత్తానికి పేరు తెచ్చిన కర్ర రోలర్ కోస్టర్. దాని దూలాలు మారిస్తే చాలు, జనం వాళ్లే వస్తారని ఆయన పట్టు. బట్టల కొట్టు నడిపే ఫరీదా ఒప్పుకోలేదు. పిల్లలందరూ నీళ్ల ఆటలకి పోతున్నారని, కొలనులు తవ్వించి జారుడు గొట్టాలు పెట్టాలని అంది. సగం స్థలం పెళ్లిళ్లకి అద్దెకిస్తే మిగతా సగం బతుకుతుందని ఇంకెవరో అన్నారు. దానికి నాయుడు మాస్టారు కుర్చీలోంచి లేచిపోయాడు. బాజాల పక్కన కొండచిలువ ఎక్కాలా అని అడిగాడు. ఫరీదా ఆయన్ని మొండిమనిషి అంది. ఆయన ఆమెకు పార్కంటే ప్రేమ లేదన్నాడు. ఇద్దరి కళ్లూ తడిశాయి.

అప్పటిదాకా మాట్లాడనివాడు ధనుంజయ్ ఒక్కడే.

"కొత్తది కడితే మాత్రం ఎన్నాళ్లు కొత్త, మాస్టారూ?" అన్నాడు నెమ్మదిగా. "కొండచిలువ పైకెక్కి మలుపు తిరగ్గానే ఒక్కసారిగా సముద్రం కనబడుద్ది చూడండి. మొదటిసారి నేను నోరు తెరిచేసేను. మొన్న అదే మలుపులో ఫోన్ చూసుకుంటన్నాను. రేపు కొలను తవ్వినా అంతే కదా."

అందరూ ఎవరి ఫోను వాళ్లు బల్ల మీంచి తీసి జేబులో పెట్టుకున్నారు. అప్పుడతను బల్ల చివరకి చూసి, మా ఆవిడ దగ్గర ఒక యంత్రం ఉంది అన్నాడు.

సుభాషిణికి ఒళ్లు మండింది. ఇంటికి వెళ్లేదాకా ఆగి అతన్ని కడిగేసింది. ఆ యంత్రం రోగుల కోసం చేసింది. తలకి దెబ్బ తగిలిన కొందరికి చూసినదల్లా ఇదివరకే చూసినట్టు ఉంటుంది. ఆమె దగ్గరికి వచ్చే లారీ డ్రైవరు ఒకడు టీవీ వార్తలు చూడడం మానేశాడు, అన్నీ నిన్నటివే అంటూ. మనవడు పుట్టాడంటే, ఆ సంగతి నాకెప్పుడో తెలుసన్నాడు. మెదడులో జ్ఞాపకం ఒకచోట ఉంటే, "ఇది నాకు తెలుసు" అని లోపలి నుంచి చెప్పే ఎరుక మరోచోట ఉంటుంది. దెబ్బ తిని మితిమీరి మోగుతున్న ఆ రెండో చోటుని సన్నని అయస్కాంత తరంగాలతో కాసేపు ఊరుకోబెట్టడమే ఆమె యంత్రం చేసే పని. జ్ఞాపకాలు చెదరవు. తెలిసినదే కొత్తగా తోస్తుంది. ఓ గంటలో ఎరుక తిరిగి మేలుకుంటుంది. డ్రైవరు తన మనవణ్ణి ఎత్తుకుని మొదటిసారి ఏడ్చింది ఆ యంత్రం బిగించిన కుర్చీలోనే.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద పెట్టడానికి అది ఆటబొమ్మ కాదని ఆమె ఖండితంగా చెప్పింది. ధనుంజయ్ వాదించలేదు. ఒక్కసారి తన మీద పెట్టి చూడమని మాత్రం అడిగాడు. వారం పాటు అడిగాడు.

చివరికి ఒక మధ్యాహ్నం ప్రయోగశాలలో అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక మెత్తను సరిచేసి, మీట నొక్కింది. అతను కిటికీ కేసి చూశాడు, బీకర్ల కేసి చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, అలాగే ఉండిపోయాడు. పెళ్లిచూపుల్లో అతను ఆమెను సరిగ్గా చూడనే లేదు, చుట్టూ పెద్దవాళ్లున్నారని. ఇప్పుడు చూశాడు. ఆమె నుదురు, నెరుస్తున్న పాపిడి, మెడ దగ్గర మచ్చ, ఒక్కొక్కటే చూసి, "ఇంత బాగుంటావని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. పన్నెండేళ్ల కాపురం తర్వాత సుభాషిణికి సిగ్గేసింది. యంత్రాన్ని సాగరలీలలో పెట్టడానికి ఒప్పుకున్నది సన్యాసిరాజు గారి కోసమూ కాదు, పార్కు కోసమూ కాదు, ఆ చూపు కోసమేనని ఆమె తన మనసుకి తర్వాత చెప్పుకోవలసి వచ్చింది.

వాన ముసురు వెళ్లేసరికి కొండచిలువ కుర్చీలన్నిటికీ తల వెనక ఆ తరంగాలు పంపే మెత్తలు అమర్చారు. నాయుడు మాస్టారికి నచ్చలేదు గానీ, దూలాలు కూడా మారుస్తామనేసరికి మెత్తబడ్డాడు. మొదటి రోజు ఆయనే ముందు వరుసలో కూర్చున్నాడు. బండి పైకెక్కి మలుపు తిరిగి సముద్రం కనబడగానే, ఏటా బడిపిల్లల్ని తెచ్చి వేలమందిని ఆ మలుపు దాటించిన మనిషి చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. దిగి అక్కడి బెంచీ మీద కూర్చున్నాడు. ఫరీదా ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, తనూ పక్కన కూర్చుని ఏడ్చింది.

ఆ కుర్చీకి జనమే తొలిచూపు కుర్చీ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం నుంచి, రాజమండ్రి నుంచి బస్సులు కట్టించుకుని వచ్చారు. పాతికేళ్ల కిందట పిల్లలుగా వచ్చినవాళ్లు తమ పిల్లలతో వచ్చి, పిల్లలకంటే ఎక్కువగా అరిచారు. రాక్షసుడికి కొత్త చెయ్యి వచ్చింది. మిత్రమండలి ఆదివారాల్లో ఇప్పుడు ఇంకే రైడుకి మెత్తలు పెట్టాలన్నదే చర్చ. మనిషికి రోజుకి ఒక్కసారే అని సుభాషిణి గట్టి నియమం పెట్టింది. ఆ నియమం ధనుంజయ్‌కి వర్తించలేదు. ప్రతి ఉదయం పార్కు తెరవకముందే వచ్చి, ఒక్కో కుర్చీలో కూర్చుని అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే బాధ్యత అతను తన నెత్తిన వేసుకున్నాడు. వేరే ఎవర్నైనా పెడదామంటే ఒప్పుకోలేదు. అతని ఆనందం చూసి ఆమె గట్టిగా అనలేదు.

ఇంట్లో తేడా మొదట కనిపెట్టింది లహరి. నాన్న జేబులో తాళంచెవి ఉండగా బెల్లు కొడుతున్నాడేమిటని తల్లిని అడిగింది. సుభాషిణి పట్టించుకోలేదు. తర్వాత అతను ఫ్రిజ్ ముందు నిలబడి, మంచినీళ్లు తీసుకోవచ్చా అని అడగడం ఆమే విన్నది. తమాషా అనుకుని లహరి పకపకా నవ్వింది. ధనుంజయ్ కూడా నవ్వాడు, ఎదుటివాళ్లు నవ్వుతున్నారు కాబట్టి నవ్వినట్టు. సోఫాలో అంచున కూర్చునేవాడు. టీవీ పెట్టాలంటే ఎవరైనా పెడతారేమోనని ఎదురుచూసేవాడు. పిల్ల వచ్చి ఒళ్లో కూర్చుంటే, పొరుగువాళ్ల బిడ్డను ముట్టుకున్నంత జాగ్రత్తగా భుజం మీద చెయ్యి వేసేవాడు. కొన్నాళ్లకి లహరి ఒళ్లో కూర్చోవడం మానేసింది. ఎందుకని అడిగితే, నాన్నకి ఇబ్బందిగా ఉందమ్మా అంది.

ఒకరోజు భోజనాల దగ్గర సుభాషిణి పప్పు వడ్డిస్తుంటే అతను చెయ్యి అడ్డం పెట్టి, "చాలండీ, మీరు కూర్చోండి" అన్నాడు.

ఆమె చేతిలో గరిటె అలాగే ఆగింది. కావాలని అన్నాడేమోనని ముఖంలోకి చూసింది. అతను ఆ మాట అన్నట్టే గమనించలేదు. మర్యాదగా, ప్రశాంతంగా అన్నం కలుపుకుంటున్నాడు.

మర్నాడు ఆమె అతన్ని ప్రయోగశాలకి తీసుకెళ్లింది. వేళ్లకి తీగలు తగిలించి, తెర మీద ఫొటోలు చూపించింది. ఆత్మీయుల ముఖం కనబడితే మనిషికి తెలియకుండానే చర్మం మీద సన్నని చెమట పుడుతుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. ఎవరో తెలియని వాళ్ల ముఖానికి గీత కదలదు. ధనుంజయ్ అన్ని ముఖాలకీ సరైన పేరు చెప్పాడు. అమ్మ, అన్నయ్య, నాయుడు మాస్టారు, సుభాషిణి. లహరి ఫొటోకి పుట్టినరోజు, స్కూలు, పాలపళ్లు ఊడిన వైనం కూడా చెప్పాడు. గీత మాత్రం ఒక్కచోటా లేవలేదు. దారిన పోయేవాడి ఫొటోకీ, కన్నబిడ్డ ఫొటోకీ ఒకే తిన్నని గీత.

సుభాషిణి తీగలు విప్పుతూ అడిగింది. "ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?"

"తెలీదండి. మెల్లగా వచ్చింది." అతను తల వంచుకున్నాడు. "మీరు నా భార్యని నాకు తెలుసు. ఆ పాప నా కూతురని తెలుసు. ఎవరో పాఠం చెబితే నేర్చుకున్నట్టు తెలుసు. ఇంట్లో ఉన్నంతసేపూ ఇంకెవరిదో చోటులో కూర్చున్నట్టుంటుంది. చెబితే బాధపడతారని చెప్పలేదు."

ఆమెకు అప్పుడు అర్థమైంది. రోగుల్లో ఎరుక మితిమీరి ఉంటుంది గనక కొంత తరిగినా తెలియలేదు. ఆరోగ్యవంతుడిలో ప్రతి విడతకీ అణువంత తరిగి, తిరిగి పూడలేదు. ఆ తరుగు ఆమె పరీక్షలకి అందనంత చిన్నది. అందరికంటే ఎక్కువసార్లు ఆ కుర్చీలో కూర్చున్నది తన భర్త. అతని తర్వాత ఎక్కువసార్లు కూర్చున్నది మిత్రమండలి.

సన్యాసిరాజు గారు ఆమె చెప్పినదంతా విన్నారు. కుర్చీలు ఆ క్షణమే ఆపించారు. కానీ ముందు ఏం చేయాలో మాత్రం మళ్లీ మండలినే అడుగుదామన్నారు. వాళ్ల మాట మీదే మొదలుపెట్టాం కదా అన్నారు.

ఆ ఆదివారం క్యాంటీన్లో బల్లలు ఎవరూ దగ్గరికి లాగలేదు. ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చున్నారు. ఆ సంగతి సుభాషిణి ఒక్కతే గమనించినట్టుంది. ఆమె లేచి జరిగినది దాచకుండా చెప్పింది. భర్త గురించీ చెప్పింది. తప్పు తనదేనంది.

చర్చ ఈసారీ సాగింది గానీ, అందులో కోపం లేదు. ఒక కుర్రవాడు, ఎక్కువసార్లు ఎక్కినవాళ్లని ఆపి కొత్తవాళ్లకి మాత్రం పెట్టవచ్చు కదా అన్నాడు. మొదటిసారి వచ్చినవాడికి ఆ కుర్చీ దేనికని ఫరీదా అడిగింది. వాడికి సముద్రం ఎలాగూ కొత్తే. పదేపదే వచ్చేవాళ్లకే అది కావాలి, చెడేది కూడా వాళ్లే. ఇంత ప్రేమించకపోయి ఉంటే మనకేమీ అయ్యేది కాదు అంది. తర్వాత గొంతు తగ్గించి, తన కొట్టు సంగతి చెప్పింది. పొద్దున్నే షట్టరు ఎత్తితే ఎవరి దుకాణంలోనో దొంగతనంగా జొరబడినట్టు ఉంటోందట. అయినా ఆపవద్దనే అంది. తీసేస్తే ఈ పార్కుకి మళ్లీ ఎవరూ రారని, గేటు దగ్గర టికెట్లు చింపే వాళ్ల దగ్గర్నుంచి వంటవాళ్ల దాకా రోడ్డున పడతారని అంది. నాయుడు మాస్టారు మెత్తలు పీకేసి ఉత్త కొండచిలువని నడపాలన్నాడు. ఎవరొస్తారు అని కుర్రవాడు అడిగితే, నేనొస్తాను అన్నాడు. ఆ మాటలో కూడా పూర్వపు పట్టు లేదు.

అందరూ ధనుంజయ్ వైపు చూశారు. ఎప్పుడూ చివరి మాట అతనిదే. అతను కిటికీ పక్కన కూర్చుని, కొండచిలువ దూలాల కేసి చూస్తున్నాడు.

"నన్నడిగితే మూసేయడమే మంచిదండి" అన్నాడు. "ఇది నిలబడాలని నేను ఎంత కొట్టుకున్నానో అంతా గుర్తుంది. ఎందుకు కొట్టుకున్నానో లోపలికి అందడం లేదు. ఉప్పు పట్టిన రేకులు, కర్రలు. ఇక్కడ నాదంటూ ఏటీ కనబడట్లేదు."

నాయుడు మాస్టారు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మూసేద్దామని ఎవరూ తీర్మానించనూ లేదు, వద్దని ఎవరూ అడ్డుపడనూ లేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. కొందరు వెళ్తూ సన్యాసిరాజు గారికి, పెళ్లికి పిలిచిన గృహస్థుకి చెప్పినట్టు, వస్తామండీ అని చెప్పి వెళ్లారు. ఆయన ఆ ఎండాకాలం వచ్చేలోపే గేటుకి తాళం వేశారు. కొండచిలువ దూలాలు ఎవరో పడవలు కట్టేవాళ్లు కొనుక్కున్నారు.

సుభాషిణి ఉద్యోగంలో మిగతా పనులన్నీ పక్కన పెట్టి, తరిగిన ఎరుకని తిరిగి రప్పించే దారి వెతికింది. తరంగాల దిశ మార్చి చూసింది. మోతాదు మార్చి చూసింది. ఫరీదాకీ, మరికొందరికీ కొద్దికొద్దిగా నయమైంది. షట్టరు ఎత్తితే తన కొట్టే అనిపిస్తోందని ఫరీదా ఒకరోజు ఫోన్ చేసి చెప్పింది. ధనుంజయ్‌లో మాత్రం గీత లేవలేదు. అతను ఇంట్లో పనులన్నీ చేసేవాడు. లహరిని స్కూల్లో దింపేవాడు, లెక్కలు చెప్పేవాడు, ఎవరి మీదా విసుక్కునేవాడు కాదు. అంత మర్యాద ఉన్న ఇంట్లో లహరి క్రమంగా నోరు మూసుకుంది.

ఆఫీసు పని మీద అతను రాయగడ వెళ్లి కొన్నాళ్లుండి వచ్చాడు. వచ్చిన రోజు సాయంత్రం వరండాలో సుభాషిణి పక్కన కూర్చుని, చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పాడు.

"అక్కడ లాడ్జిలో హాయిగా నిద్రపట్టిందండి. ఆ గది నాకు కొత్త. కొత్తగానే ఉంది. ఇక్కడ గోడలన్నీ నేను తెలిసినవాణ్ణని అనుకుంటాయి. మీరూ, పాపా కూడా. పొద్దస్తమానం మిమ్మల్ని మోసం చేస్తున్నట్టుంటుంది." వేరే గది అద్దెకి తీసుకుంటే మీకూ తేలికవుతుందేమో అన్నాడు.

సుభాషిణి ఆ రాత్రీ ఏడవలేదు, మర్నాడూ ఏడవలేదు. ఓ వారం తర్వాత పార్వతీపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వెతుక్కుంది. ఆ ఊళ్లో ఈ ముగ్గురికీ ఎవరూ తెలియదు. ఎన్నడూ అక్కడ అడుగుపెట్టినవాళ్లు కాదు, అక్కడైతే ముగ్గురికీ అన్నీ కొత్తే. ధనుంజయ్ పోర్టు ఆఫీసులో పొడుగు సెలవు పెట్టాడు. ఆమె పరిశోధన వదిలేస్తోందని తెలిసి తోటివాళ్లు తిట్టారు. లహరి స్నేహితుల్ని వదిలి రానని తలుపేసుకుంది. తల్లి తలుపు బయట కూర్చుని, ఎందుకు వెళ్తున్నామో పెద్దవాళ్లకి చెప్పినట్టే చెప్పింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మన సామాన్లు కూడా ఏవీ తీసుకెళ్లొద్దా అని పిల్ల అడిగింది. వద్దు, గిన్నెలు కూడా కొత్తవి కొందాం అని తల్లి చెప్పింది. లహరి తన బొమ్మలు పక్కింటి పిల్లకి ఇచ్చేసి వచ్చింది.

పార్వతీపురంలో దిగిన మర్నాడు పొద్దున్నే ముగ్గురూ కూరగాయలకి బయల్దేరారు. మార్కెట్టు ఎటో ముగ్గురికీ తెలియదు. రోడ్డు పక్క టీ కొట్టతన్ని అడిగితే ఎడమకి చూపించాడు, అది వెళ్లి బియ్యం మిల్లు గోడకి తగిలింది. వెనక్కి తిరిగి ఇంకో సందు పట్టుకున్నారు. లహరి ఎండకి ముఖం చిట్లించుకుని నడిచింది. ఎవరిదో ఆవు దారికి అడ్డంగా పడుకుని ఉంటే, ముగ్గురూ దాని చుట్టూ తిరిగి వెళ్లారు. చివరికి మార్కెట్టు దొరికింది. వంకాయలు, తోటకూర కొన్నారు. సంచీ ధనుంజయ్ పట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అతను ముందు నడవడం మొదలుపెట్టాడు. ఇల్లు ఎక్కడుందో నాకు తెలుసు, నిన్న గుర్తుపెట్టుకున్నాను అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో చాలాకాలంగా లేని చొరవ ఉంది. నాలుగు వీధులు కలిసేచోట ఆగి, అటూ ఇటూ చూసి, కుడివైపు తిరిగాడు.

వాళ్ల ఇల్లు ఎడమవైపు. లహరి చెప్పబోయింది. సుభాషిణి పిల్ల చెయ్యి నొక్కి పట్టుకుంది. అతను సంచీ ఊపుకుంటూ వెళ్తున్నాడు. ఇద్దరూ అతని వెనకే ఆ సందులోకి తిరిగారు.